‘డిడ్’ వచ్చాక ‘టుక్’ ఎందుకు ‘టేక్’ అవుతుంది?

జగిత్యాల జిల్లాలోని ఒక పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకుని, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తి చేసి, నాలుగేళ్లుగా హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న సోదరి ఒకరు ఇలా రాశారు:

“మా వార్డుకు విదేశాల నుంచి వచ్చే రోగులు ఎక్కువ. అడ్మిషన్ సమయంలో వాళ్లను ఇంగ్లీషులో అడిగి కేస్ షీట్ నింపాలి. మొన్న ఒక పెద్దాయనను ‘డిడ్ యూ టుక్ ద మార్నింగ్ టాబ్లెట్?’ అని అడిగితే పక్కనే ఉన్న జూనియర్ డాక్టర్ అందరి ముందూ నవ్వారు. ‘టుక్ కాదు, టేక్’ అన్నారు గానీ ఎందుకో చెప్పలేదు. నేను అడిగింది జరిగిపోయిన సంగతి గురించే కదా, మరి జరిగిపోయినదానికి వాడే మాట ఎలా తప్పవుతుంది? ప్రశ్న అంటే డిడ్ పెట్టాల్సిందే అనుకుని ఇంకోసారి ‘వాట్ డిడ్ హ్యాపెన్?’ అంటే అదీ సరిగా లేదన్నారు. హ్యావ్ పెట్టి ఎప్పుడు అడగాలో, డిడ్ పెట్టి ఎప్పుడు అడగాలో కూడా తేల్చుకోలేకపోతున్నాను. చివరగా, నా చిన్న నోటు పుస్తకంలో ‘డిడ్ యూ యూస్ టు స్మోక్?’ అని రాసుకునేటప్పుడు ‘యూస్’ చివర ‘డి’ అక్షరం ఉండాలా, వద్దా? వచ్చే ఏడాది ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవారికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) రాయాలనుకుంటున్నాను. వివరంగా చెప్పగలరు.”

సోదరీ, మీ ఉత్తరంలో ‘జరిగిపోయిన సంగతి గురించే కదా’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆ సందేహం న్యాయమైనది. తెలుగులో ఆలోచించే మనిషికి అది కలగకపోతేనే ఆశ్చర్యపోవాలి. ‘వేసుకున్నారా?’ అన్న మన మాట ఒక్కదానిని విప్పి చూడండి. చేసిన పని ఏమిటో అందులో ఉంది, అది జరిగిపోయిందన్న సంగతి ఉంది, చేసినవారు గౌరవించదగిన ‘మీరు’ అన్న సూచన ఉంది, చివరన ఒక్క ‘ఆ’ చేరగానే అది ప్రశ్న కూడా అయింది. ఇన్ని బరువులనూ ఒకే క్రియ మోస్తుంది. అటువంటి భాషలో పుట్టి పెరిగిన మనం ఇంగ్లీషు ప్రశ్నలో కూడా భూతకాలాన్ని అసలు క్రియ మీదే వెతుకుతాం. అందుకే ‘టుక్’ అనేది మన నోటికి సహజంగా వస్తుంది. నవ్విన వైద్యులు ఈ సంగతి ఆలోచించి ఉంటే నవ్వేవారు కాదని నా నమ్మకం.

ఇంగ్లీషు క్రియకు మన ‘ఆ’ వంటి తోక లేదు. ప్రశ్న అడుగుతున్నామని తెలియజేయడానికి ఆ భాష మాటల వరుసను మారుస్తుంది, కర్త కంటే ముందు ఒక సహాయక క్రియను తెచ్చి నిలబెడుతుంది. భూతకాలంలో ఆ పని చేసేది ‘డిడ్’. ఇది ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. వెనకటి ఇంగ్లీషులో అసలు క్రియనే కర్తకు ముందుకు లాగేవారు. 1611లో అచ్చయిన ఆంగ్ల బైబిలు అనువాదంలో ‘మీరు అతన్ని చూశారా?’ అనడానికి ‘సా యీ హిమ్?’ అన్న తరహా ప్రశ్న కనిపిస్తుంది. అక్కడ డిడ్ లేదు కాబట్టి క్రియ భూతకాలంలోనే ఉంది. కాలక్రమంలో ఆ పద్ధతి వాడుకలోంచి తొలగి, ముందుకు వచ్చి నిలబడే పని డిడ్‌కు స్థిరపడింది. దానితోపాటు భూతకాలపు గుర్తు కూడా డిడ్‌కే వెళ్లిపోయింది. ‘డూ’ అన్న మాటకు భూతకాల రూపమే ‘డిడ్’ కదా. ఒక వాక్యంలో ఆ గుర్తు ఒక్కచోటే ఉండాలి. డిడ్ దాన్ని తీసుకున్నాక మిగిలిన క్రియ తన మూలరూపానికి, బడిలో మనం ‘వీ వన్’ అని పిలుచుకునే రూపానికి, తిరిగి వస్తుంది.

ఇంతవరకు చెప్పినది ఏ వ్యాకరణ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నేను జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పిన రోజుల్లో ‘డిడ్ ప్లస్ వీ వన్’ అని నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసేవాణ్ణి. పిల్లలు పరీక్షలో తప్పు లేకుండా రాసేవారు. అదే పిల్లలు పది నిమిషాల తర్వాత వరండాలో ఎదురుపడి ‘సార్, డిడ్ యూ కరెక్టెడ్ అవర్ పేపర్స్?’ అని అడిగేవారు. సూత్రం చేతికి వచ్చింది గానీ చెవికి రాలేదు. తప్పు పలికినప్పుడు అది తప్పుగా వినిపించాలంటే మన సొంత భాషలో దానికి జోడు దొరకాలని అప్పుడు నాకు తోచింది. వెతికితే ఆ జోడు మనం రోజూ పలికే మాటల్లోనే ఉంది.

‘వేసుకున్నాను’ అన్నదానికి వ్యతిరేకార్థం ఏమిటి? ‘వేసుకోలేదు’. ‘వచ్చాడు’కు ‘రాలేదు’. ‘తిన్నారు’కు ‘తినలేదు’. ఇక్కడ ఏమి జరిగిందో నెమ్మదిగా చూడండి. ‘వచ్చాడు’లో ఉన్న ‘వచ్చ్’ అనే భూతకాల రూపం పూర్తిగా మాయమై, ‘రా’ అనే మూలం మిగిలింది. జరిగిపోయిన కాలాన్ని సూచించే పని ‘లేదు’ చేతికి వెళ్లింది. నేను రాలేదు, నువ్వు రాలేదు, వాడు రాలేదు, వాళ్లు రాలేదు అన్నప్పుడు ఆ ‘రా’ కదలదు, ఎవరి కోసమూ మారదు. తెలుగు తెలిసిన ఏ మనిషీ, మూడేళ్లు నిండిన పిల్ల కూడా, ‘వచ్చాడులేదు’ అనదు. ‘డిడ్ యూ టుక్?’ అన్నది ఇంగ్లీషువారి చెవికి సరిగ్గా ‘వేసుకున్నారులేదు’ అన్నంత వింతగా వినిపిస్తుంది. ‘లేదు’ వచ్చాక ‘వచ్చ్’ ఎలా వెనక్కి తగ్గి ‘రా’ అయిందో, డిడ్ వచ్చాక టుక్ అలాగే తగ్గి టేక్ అవుతుంది. వెంట్ అనేది గో, ఏట్ అనేది ఈట్, కేమ్ అనేది కమ్ అవుతాయి. ‘ఐ డిడంట్ టుక్’ అని కూడా మనవాళ్లు అంటుంటారు. అందులో తప్పు కూడా ఇదే.

కాబట్టి రేపు వార్డులో నోరు తెరిచే ముందు ‘రాలేదు’ అన్న మాటను ఒక్కసారి మనసులో అనుకోండి. వారం రోజులు ఇలా చేస్తే ‘డిడ్ యూ టుక్’ అన్నది మీ చెవికే గీరుకుపోయినట్లు వినిపించడం మొదలవుతుంది.

కొన్ని క్రియలకు రెండు రూపాలూ ఒకటే: పుట్, కట్, హర్ట్ వంటివి. ‘డిడ్ ఇట్ హర్ట్?’ అన్నప్పుడు మీరు ఏ రూపం వాడారో ఎవరూ కనిపెట్టలేరు. ‘చదువు’ అన్న అర్థమున్న మాట మాత్రం జాగ్రత్తగా చూడవలసినది. ఇంగ్లీషు అక్షరాల్లో దాని వర్తమానం, భూతం ఒకేలా కనిపిస్తాయి, పలుకుబడి వేరు. మన లిపిలో రాస్తే తేడా తేటతెల్లంగా కనిపిస్తుంది: ‘ఐ రెడ్ ద కన్సెంట్ ఫారమ్’, కానీ ‘డిడ్ యూ రీడ్ ద కన్సెంట్ ఫారమ్?’.

ఇప్పుడు మీరు రాయని, కానీ మీ స్థానంలో ఉన్నవారు ఎక్కువగా చేసే ఒక పొరపాటు గురించి చెప్పాలి. నా దృష్టిలో టుక్ కంటే ఇది పెద్దది. ‘నొప్పి ఎప్పుడు మొదలైంది?’ అన్నదాన్ని మనవాళ్లు మాటకు మాట పెట్టి ‘వెన్ ద పెయిన్ స్టార్టెడ్?’ అంటారు. ఎక్కడ, ఎందుకు, ఎప్పుడు అన్న మాట ముందు వచ్చేసింది కాబట్టి ప్రశ్న పూర్తయిందని మనకు అనిపిస్తుంది, తెలుగులో అది నిజం కూడా. ఇంగ్లీషులో మాత్రం ఆ మాటల వరుసకు ‘నొప్పి మొదలైనప్పుడు’ అని అర్థం. అది సగం వాక్యం. మీరు ప్రశ్న అడిగానని ఆగారు, మంచం మీద ఉన్న మనిషి మీరు మిగతా సగం చెబుతారని ఎదురు చూస్తున్నారు. ఇద్దరి మధ్య ఒక చిన్న నిశ్శబ్దం ఏర్పడుతుంది, ఆ నిశ్శబ్దంలో రోగికి నమ్మకం కొద్దిగా సడలుతుంది. ‘వాట్ యూ ఏట్’ అంటే ‘మీరు తిన్నది’, ‘వేర్ యూ వెంట్’ అంటే ‘మీరు వెళ్లిన చోటు’. ఇవేవీ ప్రశ్నలు కావు. వీటిని ప్రశ్నలుగా నిలబెట్టేది డిడ్ ఒక్కటే: ‘వెన్ డిడ్ ద పెయిన్ స్టార్ట్?’, ‘వాట్ డిడ్ యూ ఈట్?’, ‘వేర్ డిడ్ యూ గో?’. ‘మీరు ఏం చేశారు?’ అని అడగవలసి వచ్చినప్పుడు ‘వాట్ డిడ్ యూ డూ?’ అనాలి. డిడ్, డూ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయని భయపడనక్కరలేదు. మొదటిది ప్రశ్న కోసం వచ్చింది, రెండోది అసలు పని.

‘ఉండటం’ గురించి అడిగే ప్రశ్నల్లో డిడ్ అసలు రాదు. ‘ఆ సమయంలో మీరు స్పృహలో ఉన్నారా?’ అనడానికి ‘వర్ యూ కాన్షస్?’ అంటాం. ‘నొప్పి తీవ్రంగా ఉండిందా?’ అనడానికి ‘వాజ్ ద పెయిన్ సివియర్?’ చాలు. వాజ్, వర్ తామే కర్త ముందుకు నడవగలవు, వాటికి తోడు అవసరం లేదు. ‘జ్వరం వచ్చిందా?’ అని అడగబోయి ‘వర్ యూ ఫీవర్?’ అనేవారు ఉన్నారు. జ్వరం మనిషికి కలిగినది, మనిషే జ్వరం కాదు గనుక అక్కడ ‘డిడ్ యూ హ్యావ్ ఎ ఫీవర్?’ అనాలి. కళ్లు తిరిగాయా అనడానికి ‘డిడ్ యూ ఫీల్ డిజీ?’ అంటే సరిపోతుంది. ఇంకొక హెచ్చరిక: ‘వెన్ వాజ్ ద ఆపరేషన్ డన్?’ అన్నప్పుడు ‘డన్’ను మూలరూపానికి మార్చకండి. మూలరూపం కోరేది డిడ్ మాత్రమే, వాజ్ కోరదు.

ఇక ‘వాట్ డిడ్ హ్యాపెన్?’ సంగతి. దీనికి కూడా మన భాష దగ్గరే తాళంచెవి ఉంది. ఈ రెండు ప్రశ్నలను పక్కపక్కన పెట్టండి: ‘మిమ్మల్ని ఇక్కడికి ఎవరు తీసుకొచ్చారు?’, ‘మీ వెంట ఎవరిని తీసుకొచ్చారు?’. మొదటిదానిలో ‘ఎవరు’ అన్నది పని చేసిన మనిషి. రెండోదానిలో పని చేసినది ‘మీరు’, ‘ఎవరిని’ అన్నది కర్మ. ఇంగ్లీషులో మొదటిది ‘హూ బ్రాట్ యూ హియర్?’, రెండోది ‘హూ డిడ్ యూ బ్రింగ్ విత్ యూ?’. ప్రశ్న వేసే మాటే కర్త అయినప్పుడు అది ఎలాగూ వాక్యం మొదట్లోనే ఉంది. డిడ్ దాటుకుని ముందుకు రావడానికి వేరే కర్త ఎవరూ లేరు కాబట్టి దానికి అక్కడ పని లేదు, క్రియ తన భూతకాల రూపంలోనే హాయిగా ఉంటుంది. తెలుగులో ‘ఎవరు’ అన్న చోట డిడ్ వద్దు, ‘ఎవరిని’ అన్న చోట డిడ్ కావాలి. ఈ ఒక్క ‘ని’ మీకు బోలెడంత పని చేసి పెడుతుంది.

‘ఏం’ దగ్గర మాత్రం ఈ ‘ని’ కనిపించదు. ‘ఏం జరిగింది?’, ‘ఏం తిన్నారు?’ రెండింటిలోనూ అదే ‘ఏం’. అప్పుడు క్రియలో ఇంకెవరైనా దాక్కుని ఉన్నారేమో చూడాలి. తెలుగులో కర్తను వదిలేసి మాట్లాడటం మనకు అలవాటు. ‘తిన్నారు’ అన్న మాటలో ‘మీరు’ దాగి ఉన్నారు. ఇంగ్లీషులో ఆ ‘మీరు’ను తప్పనిసరిగా బయటికి తేవాలి, తెచ్చారంటే ఆ ‘యూ’కు ముందు డిడ్ వస్తుంది. ‘జరిగింది’లో అలా ఎవరూ దాగి లేరు. జరిగినది ఆ ‘ఏం’ అన్నదే. అందుకని ‘వాట్ హ్యాపెన్డ్?’. మీరు అన్న ‘వాట్ డిడ్ హ్యాపెన్?’ అనేది ఇంగ్లీషులో అసలే లేని వాక్యమని అనలేను. ఎవరో ఇది జరగలేదు, అది జరగలేదు అని చెబుతున్నప్పుడు, ‘మరి అసలు జరిగిందేమిటి?’ అని నొక్కి అడగడానికి దాన్ని వాడతారు. అప్పుడే అడ్మిట్ అయిన రోగిని అడిగే మొదటి ప్రశ్నగా వాడితే నిలదీసినట్లు ఉంటుంది. అందుకే అది సరిగా లేదని మీతో అన్నారు.

‘ఎవరు’, ‘ఎవరిని’ అన్న ఈ కొలబద్ద ఒకచోట మనల్ని పక్కదారి పట్టిస్తుంది, అది మీ వృత్తిలో తరచుగా ఎదురయ్యే చోటు. ‘పడిపోయే ముందు మీకు ఏమనిపించింది?’, ‘మీకు ఏం వినిపించింది?’, ‘డాక్టర్ చెప్పినదానిలో మీకు ఏం అర్థమైంది?’ అని మనం అడుగుతాం. ఈ వాక్యాల్లో తెలుగు వ్యాకరణం ప్రకారం ‘ఏం’ అన్నదే కర్త, మనిషి ‘మీకు’ అని పక్కన నిలబడతాడు. అనిపించడం, కనిపించడం, వినిపించడం, గుర్తుకురావడం, అర్థంకావడం, నచ్చడం వంటివన్నీ మనకు వాటంతట అవే మనిషి దగ్గరికి వస్తాయి. ఇంగ్లీషు అలా చూడదు. అక్కడ మనిషే అనుభవానికి కర్త, మన ‘మీకు’ అక్కడ ‘యూ’ అవుతుంది. కనుక డిడ్ మళ్లీ వస్తుంది: ‘వాట్ డిడ్ యూ ఫీల్?’, ‘వాట్ డిడ్ యూ హియర్?’, ‘వాట్ డిడ్ యూ అండర్‌స్టాండ్?’. ‘ఏది నచ్చింది?’ అన్నదాన్ని ‘విచ్ లైక్డ్ యూ?’ అని అడిగితే ‘ఎవరు మిమ్మల్ని ఇష్టపడ్డారు?’ అన్నట్లవుతుంది. ‘మీకు ఏమైంది?’ మాత్రం ఈ గుంపులో చేరదు. అక్కడ మనిషి కర్త కాకుండా చివరికి వెళ్తాడు: ‘వాట్ హ్యాపెన్డ్ టు యూ?’.

ఇప్పుడు హ్యావ్, డిడ్ తేడా. ‘తిన్నారా?’ అన్న ఒక్క మాటతో మనం రెండు పనులు చేస్తాం. ఇప్పుడు కడుపు ఖాళీగా ఉందా, నిండి ఉందా అని తెలుసుకోవడం ఒకటి, ఫలానా సమయంలో తినడం అనే పని జరిగిందా అని తెలుసుకోవడం రెండు. ఇంగ్లీషు వీటిని విడదీస్తుంది. ఆ పని ఫలితం ఇప్పటికి అంటుకుని ఉంటే, సమయం పేరు చెప్పకుండా అడుగుతుంటే, ‘హ్యావ్ యూ ఈటెన్?’. గడిచిపోయిన ఒక సమయం వైపు వేలు చూపిస్తే, ‘డిడ్ యూ ఈట్ లాస్ట్ నైట్?’. ఉదయం పది గంటలకు అడిగేటప్పుడు ‘హ్యావ్ యూ టేకెన్ యువర్ టాబ్లెట్ దిస్ మార్నింగ్?’ అనవచ్చు, ఎందుకంటే ఉదయం ఇంకా నడుస్తోంది. మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీ మారి మీరు వచ్చాక అదే సంగతి అడగాలంటే ‘డిడ్ యూ టేక్ యువర్ టాబ్లెట్ దిస్ మార్నింగ్?’ అనాలి, ఎందుకంటే ఉదయం ముగిసిపోయింది. అమెరికావారు చాలాచోట్ల మొదటిదానికి కూడా డిడ్ వాడతారు. ‘డిడ్ యూ ఈట్ యెట్?’ అన్నది అక్కడ మామూలు మాట. బ్రిటన్ పద్ధతి ‘హ్యావ్ యూ ఈటెన్ యెట్?’. రెండూ అర్థమయ్యేవే, దీని గురించి మీరు నిద్ర పాడుచేసుకోవద్దు.

ఆసుపత్రి సంభాషణలో ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి ఒక క్రమంలో వస్తాయి. ఆ క్రమం పట్టుబడితే సగం పని అయినట్లే. మొదట తలుపు తట్టే ప్రశ్న హ్యావ్‌తో: ‘హ్యావ్ యూ ఎవర్ హ్యాడ్ ఎన్ ఆపరేషన్?’. అవునని జవాబు వచ్చిందా, ఇక లోపలికి వెళ్లే ప్రశ్నలన్నీ డిడ్‌తో, వాజ్‌తో: ‘వెన్ డిడ్ యూ హ్యావ్ ఇట్?’, ‘వేర్ వాజ్ ఇట్ డన్?’, ‘డిడ్ యూ హ్యావ్ ఎనీ ప్రాబ్లమ్స్ ఆఫ్టర్‌వర్డ్స్?’. ‘ఎప్పుడు’ అన్న మాట గతంలోని ఒక సమయాన్ని అడుగుతుంది కాబట్టి ‘వెన్ హ్యావ్ యూ కమ్?’ అనకూడదు, ‘వెన్ డిడ్ యూ కమ్?’ అనాలి. ‘నొప్పి ఎప్పటి నుంచి ఉంది?’ అన్న మన ప్రశ్న ఇంకొక దారిలో వెళ్తుంది. ‘ఉంది’ అన్నది వర్తమానంలా కనిపిస్తుంది కాబట్టి ‘సిన్స్ వెన్ యూ ఆర్ హ్యావింగ్ పెయిన్?’ అని చాలామంది అడుగుతారు. అప్పుడు మొదలై ఇప్పటికీ ఉన్న నొప్పి గురించి అడగడానికి ‘హౌ లాంగ్ హ్యావ్ యూ హ్యాడ్ దిస్ పెయిన్?’ అనాలి. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం ఏ వివరణా లేకుండా కంఠస్థం చేయమని చెబుతాను, ఎందుకంటే మీ ఉద్యోగంలో రోజుకు పదిసార్లు దానితో అవసరం పడుతుంది.

మర్యాదగా అడగడం గురించి మీరు అడగలేదు గానీ, ఓఈటీ దృష్ట్యా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఆ పరీక్షలో మాట్లాడే భాగంలో మీ వృత్తికి సంబంధించిన రెండు సన్నివేశాలు, ఒక్కొక్కటి సుమారు 5 నిమిషాలు, అభినయించాలి. మీరు నర్సు, ఎదుట ఉన్నవారు రోగి లేదా రోగి బంధువు. వరుసగా ‘వెన్ డిడ్’, ‘వేర్ డిడ్’, ‘డిడ్ యూ’ అని అడుగుతూ పోతే పోలీసు విచారణలా ఉంటుంది. మధ్యమధ్య ‘కుడ్ యూ టెల్ మీ’, ‘డు యూ రిమెంబర్’ అని మెత్తగా మొదలుపెట్టాలి. అలా మొదలుపెట్టగానే ఒక విచిత్రం జరుగుతుంది, డిడ్ వెళ్లిపోతుంది. ఇందాక సగం వాక్యం అని నేను తీసిపారేసిన ‘వెన్ ద పెయిన్ స్టార్టెడ్’ ఇక్కడ పూర్తిగా సరైనది: ‘కుడ్ యూ టెల్ మీ వెన్ ద పెయిన్ స్టార్టెడ్?’. మిమ్మల్ని నవ్వులపాలు చేసిన టుక్ కూడా తన చోటు తాను సంపాదించుకుంటుంది: ‘డు యూ రిమెంబర్ ఇఫ్ యూ టుక్ ద టాబ్లెట్?’. ప్రశ్న అడిగే పనిని ముందున్న ‘కుడ్ యూ’, ‘డు యూ’ తీసుకున్నాయి కాబట్టి వెనకది మామూలు వాక్యంగా ఉండిపోయింది.

దీనికి తెలుగులో జోడు ఇంకా అందంగా ఉంది. ‘నొప్పి ఎప్పుడు మొదలైంది?’ అన్నది నేరుగా అడిగిన ప్రశ్న. ‘నొప్పి ఎప్పుడు మొదలైందో చెప్పగలరా?’ అన్నది మెత్తగా అడిగినది. ‘మొదలైంది’ కాస్తా ‘మొదలైందో’ అయింది. ‘వేసుకున్నారా?’ అన్నది ‘వేసుకున్నారో లేదో గుర్తుందా?’ అయింది. మన నోటివెంట ఆ ‘ఓ’ వచ్చిన చోట ఇంగ్లీషులో డిడ్ రాదు, మాటల వరుస తిరగబడదు. ‘లేదో’ అన్నది వస్తే ‘ఇఫ్’ గానీ ‘వెదర్’ గానీ పెట్టాలి. నేను ఇన్నేళ్లలో ఎందరికో చెప్పిన చిట్కాల్లో ఎవరూ మరచిపోనిది ఇదే.

ఒక విన్నపం: మందుల గురించి అడిగేటప్పుడు ‘డిడంట్ యూ టేక్ ద టాబ్లెట్?’ అని లేదన్న ధోరణిలో అడగకండి. ‘వేసుకోలేదా?’ అంటే మనలో కొందరు ‘అవును’ అంటారు, మీరన్నది నిజమే, వేసుకోలేదు అని వాళ్ల ఉద్దేశం. ఇంగ్లీషులో అదే ప్రశ్నకు ‘యెస్’ అంటే వేసుకున్నానని అర్థం, వేసుకోకపోతే ‘నో’ అనాలి. ఇంగ్లీషు సొంత భాష కాని రోగి, ఇంగ్లీషు సొంత భాష కాని నర్సు మధ్య ఆ ‘యెస్’ ఏ అర్థంతో వచ్చిందో తెలియకపోతే అది వ్యాకరణ సమస్యగా ఆగదు, రెండో మోతాదు ఇవ్వాలా వద్దా అన్న సమస్య అవుతుంది. ‘డిడ్ యూ టేక్ ఇట్?’ అని నేరుగా అడగండి. జవాబు వచ్చాక ‘వాట్ టైమ్ డిడ్ యూ టేక్ ఇట్?’ అని ఇంకొక ప్రశ్న వేయండి. సమయం చెప్పగలిగితే ఆ ‘యెస్’ ఏ అర్థంతో వచ్చిందో తేలిపోతుంది.

వినేటప్పుడు కూడా కొంత ఇబ్బంది ఎదురవుతుంది. ధారాళంగా మాట్లాడేవారు ‘డిడ్ యూ’ అని విడగొట్టి పలకరు. రెండూ కలిసి ‘డిజ్యూ’ అవుతాయి. ఫోనులో ‘డిజ్యూ గెట్ ద రిపోర్ట్?’ అని వినిపిస్తే కొత్త మాటేదో అన్నారని కంగారు పడవద్దు. మీరు అలా పలకనవసరం లేదు, గుర్తుపడితే చాలు.

సాధన కోసం పుస్తకాలు కొనమని చెప్పను. మీ వార్డులో అడ్మిషన్ ఫారం ఉంటుంది కదా, అందులోని ఒక్కొక్క గడికి ఒక్కొక్క ప్రశ్న మీ నోటు పుస్తకంలో రాసుకోండి, ముందు తెలుగులో, దాని కింద ఇంగ్లీషులో. తెలుగు వాక్యంలో ‘ఎవరు’, ‘ఎవరిని’, ‘మీకు’, ‘ఓ’ అన్నవాటి కింద గీత గీయండి, ఇంగ్లీషు వాక్యంలో డిడ్ కింద గీత గీయండి. నైట్ డ్యూటీలో వార్డు సద్దుమణిగాక వాటిని పెదవులు కదిలేలా పలకండి. కళ్లతో చదివితే సరిపోదు. పొరపాటు జరిగినప్పుడు అక్కడే ఆగి, సరైన వాక్యాన్ని మళ్లీ ఒకసారి అనండి. రోగి ఏమీ అనుకోడు, పైగా అర్థం కావాలని మీరు శ్రమపడుతున్నారని గ్రహిస్తాడు.

మీ చివరి ప్రశ్నకు జవాబు ఇప్పుడు మీరే చెప్పగలరు. ‘సిగరెట్లు తాగేవారా?’ అని ఒకప్పటి అలవాటును అడగడానికి ‘డిడ్ యూ యూస్ టు స్మోక్?’ అంటాం. జవాబులో ‘ఐ యూస్డ్ టు స్మోక్’ అని రాసేటప్పుడు చివర ‘డి’ ఉంటుంది. ప్రశ్నలో డిడ్ ముందుకు వచ్చింది కాబట్టి ఆ ‘డి’ ఉండకూడదు. పలికేటప్పుడు రెండూ ‘యూస్ టు’ అనే వినిపిస్తాయి గనుక రోగి దగ్గర ఏ చిక్కూ లేదు. నోటు పుస్తకంలో మాత్రం ఆ అక్షరం కొట్టివేయండి.